మా కుక్క బొమ్మలూ మావగారి మాటలూ

మా ఆయనకు అరకులోయలో అటవీశాఖ ఉద్యోగం అయినప్పుడు నాకింకా ఇరవై ఏళ్ళు నిండలేదు. మన్యంలో దొరతనం మీద లేచిన పితూరీ సద్దుమణిగి కొంతకాలమే అయింది. అప్పటికి ఆ కొండల్లోకి రైలు లేదు. మైదానం నుంచి ఎడ్లబండిలో ఘాటీ ఎక్కి రావాలి. వాన పట్టిందంటే ఆ బండి కూడా దారిలో ఎక్కడో ఆగిపోయేది. మేమున్నది పేరుకే బంగళా. పెంకుల కప్పు, రెండు గదులు, ముందు వెడల్పాటి వరండా. వరండా దిగితే వాలుగా సామచేలు, రాగులు పండే చోడిచేలు, వాటి వెనక కొండలు. ఆయన నెలలో సగం పైగా క్యాంపుల్లోనే ఉండేవారు. పొద్దంతా ఒక్కదాన్నే ఉండి ఉండి, ఎవరైనా పలకరిస్తే నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

మాకు నీళ్ళు తెచ్చే కొండ ఊరి ఆవిడ నా సంగతి కనిపెట్టినట్టుంది. ఒకరోజు కుండతోబాటు చంకలో ఒక కుక్కపిల్లను కూడా తెచ్చింది. "ఉంచుకో అమ్మా. నీకు తోడుంటాది. పులి వస్తే ముందు ఇదే సెప్తాది" అని గుమ్మం ముందు దింపి వెళ్ళిపోయింది. ఎర్రటి నాటు కుక్కపిల్ల. ఒక చెవి నిలబడేది, రెండోది మడత పడి ఉండేది. రెండు నెలలు తిరిగేసరికి నేను ఏ గదిలో ఉంటే ఆ గది గుమ్మం బయట పడుకోవడం నేర్చుకుంది.

కెమెరా కూడా ఆ ఏడే వచ్చింది. బదిలీ మీద వెళ్ళిపోతున్న దొర ఒకాయన సామాను అమ్ముతుంటే మా ఆయన ఒక పెట్టె కెమెరా కొని తెచ్చారు. నల్లటి అట్టపెట్టెలా ఉండేది. పొట్టకు ఆనించి పట్టుకుని, పైనున్న చిన్న అద్దంలోకి తల వంచి చూడాలి. అందులో కుడి ఎడమగా, ఎడమ కుడిగా కనపడేది. ఆయన ఒక్క ఫిల్ము కొండల మీదా జలపాతాల మీదా ఖర్చుపెట్టి, సరదా తీరి, పెట్టెను అలమారలో పడేశారు. నేను బయటికి తీశాను. ఆ ఇంట్లో బొమ్మ తియ్యడానికి నాకున్నది కుక్క ఒక్కటే. ఫిల్ము చుట్టను తపాలాలో విశాఖపట్నంలోని ఒక స్టూడియోకు పంపితే, వాళ్ళు కడిగి, బొమ్మలు అచ్చువేసి తిరిగి పంపేవారు. మొదటిసారి వచ్చిన బొమ్మలను మా ఆయన పేకముక్కల్లా గబగబా తిప్పి, "బాగున్నాయి" అని కవరులో పెట్టేశారు. నేను అదే నిజమనుకుని రెండో చుట్ట కూడా తీసి పంపాను.

ఆ ఏడు చలికాలం మొదలవుతూనే మావగారు మా దగ్గరికి వచ్చారు. పార్వతీపురం వైపు ఒక బడిలో చాలా ఏళ్ళు డ్రాయింగు మాస్టరుగా పనిచేసి విరమించుకున్న మనిషి. అత్తగారు నా పెళ్ళికి ముందే పోయారు. ఊళ్ళో ఒక్కరే ఉండి వండుకోలేకపోతున్నారని మా ఆయనే బతిమాలి తీసుకొచ్చారు. బడిలో పుస్తకాల భాష మాట్లాడేవారట గానీ ఇంట్లో మాత్రం మా ఊళ్ళ మాటే. నవ్వడం అరుదు. వచ్చిన రోజునే కుక్కను చూసి, "దాన్ని మెట్టు ఎక్కనీకండి" అన్నారు. అప్పటి నుంచి కుక్క మెట్ల కింద, మావగారు వరండాలో పడక్కుర్చీలో, నేను లోపల తలుపు చాటున. మా వైపు కోడళ్ళు మావగారి ఎదుట నిలబడి మాట్లాడే అలవాటు అప్పట్లో లేదు. అన్నానికి పిలవాలంటే గాజులు గలగలలాడించేదాన్ని. ఆయన దగ్గితే మంచినీళ్ళు కావాలని అర్థం.

రెండో కవరు వచ్చేసరికి మా ఆయన క్యాంపులో ఉన్నారు. తపాలా మనిషి దాన్ని మావగారి చేతికిచ్చి వెళ్ళాడు. ఆయన విప్పి, బొమ్మలు బల్ల మీద వరసగా పరిచి, సంచిలోంచి భూతద్దం తీసి చూడడం మొదలుపెట్టారు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. ఒక్కో బొమ్మ మీదా ఆయన అద్దం ఎంతసేపు ఆగిందంటే, పొయ్యి మీద పప్పు మాడు వాసన వచ్చినా నేను కదల్లేకపోయాను. చివరికి ఆయన తల ఎత్తకుండా, ఎదురుగా ఉన్న కొండలతో చెప్పినట్టు చెప్పారు.

"ఏటిది? కుక్కా, మేకా?"

ఆయన భూతద్దాన్ని ఒక్కో బొమ్మ మీదకీ జరిపారు.

"ఇందులో తోక తెగిపోనాది. ఇందులో సెవులు కాగితం బైటే ఉండిపోనాయి. ఇందులో కుక్క కంటే తీసినోళ్ళ నీడే పెద్దగున్నాది. ఇదేమో మరీ మొకం మీదకెల్లి తీసినారు, పొగలాగైపోనాది. ఎవరు తీసినారో గానీ, ఆళ్ళకి కుక్క మీద పేమ ఉన్నాది గానీ బొమ్మ మీద సూపు లేదు."

ఎవరు తీశారో ఆయనకు తెలుసు. ఆ ఇంట్లో తియ్యడానికి ఇంకెవరున్నారు? నాకు ఏడుపూ వచ్చింది, ఎక్కడలేని ధైర్యమూ వచ్చింది. తలుపు వెనక నుంచే అన్నాను.

"అది కదిలిపోనాదండి."

మావగారితో నేను మాట్లాడిన మొదటి మాట అదే. ఆయన భూతద్దం బల్ల మీద పెట్టారు. తరువాత కాస్త మెత్తబడిన గొంతుతో, "కుక్క కదుల్తాది. అది దాని పని. అది ఆగే దాకా నువ్వు ఆగాల" అన్నారు.

ఆ పూట మాడిన పప్పే వడ్డించాను. ఆయన ఆ మాట ఎత్తలేదు. నేను మాత్రం వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మా ఆయన బాగున్నాయన్న వాటినే ఈయన ఎందుకు ఇలా ఉతికి ఆరేశారని కోపం వచ్చింది. కుక్కనే ఇంట్లోకి రానివ్వని మనిషికి కుక్క బొమ్మ ఎలా ఉండాలో ఏం తెలుసని కూడా అనుకున్నాను. మర్నాడు నీళ్ళు కాస్తుండగా ఇంకో ఆలోచన వచ్చింది. నేను చేసిన పనిని, అది వంట కానీ కుట్టు కానీ, అంతసేపు కళ్ళార్పకుండా చూసిన మనిషి అంతవరకూ నాకు ఒక్కరూ తారసపడలేదు. ఆ ఆలోచనతో కోపం పోలేదు గానీ కొంచెం నెమ్మదించింది. కెమెరా తీసుకుని పెరట్లోకి వెళ్ళి, కుక్కకు రెండు బారల దూరంలో కూర్చుని, అది ఆగే దాకా ఆగాను.

అలా మొదలైంది. కవరు వచ్చినప్పుడల్లా మావగారు బొమ్మలు పరిచి తప్పులు చెప్పేవారు. నేను వినేదాన్ని. మొదట్లో తలుపు వెనక నిలబడి వినేదాన్ని. తరువాత గుమ్మంలో నిలబడి. ఏ తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించాలంటే దగ్గరికి రాక తప్పదు కదా. చేలల్లో వలిసెలు పూసే నాటికి నేను బల్లకు ఈ పక్కన చాప వేసుకుని కూర్చునేదాన్ని. మా ఆయన క్యాంపు నుంచి వచ్చి మమ్మల్నలా చూసి, గుమ్మం దగ్గరే ఆగిపోయి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయారు.

వలిసెలంటే గుర్తుకొచ్చింది. లోయంతా పసుపు ఆరబోసినట్టుండే ఆ పూల మధ్య కుక్కను నిలబెట్టి ఒక బొమ్మ తీశాను. ఎర్ర కుక్క, పచ్చటి చేను. అంత అందమైన దృశ్యాన్ని నేనెన్నడూ చూడలేదు. బొమ్మ వచ్చాక చూస్తే కుక్కా లేదు, పూలూ లేవు. అంతా ఒకటే బురద రంగు. మావగారు భూతద్దం పెట్టి వెతికి, "కన్ను ఒకటి దొరికినాది" అన్నారు.

"ఎదురుగా సూస్తే ఎంతో బాగున్నాదండి" అన్నాను.

"నీ కంటికి రంగు తెలుస్తాది. కాగితానికి తెలీదు కదా. దానికి తెలిసింది ఎలుగూ నీడా అంతే. ఎర్ర కుక్కని తెల్లటి గోడ ముందర పెట్టు, సున్నం ఏసిన గోడ. అప్పుడు సూడు."

వంటింటి వెనక సున్నం గోడ ముందు తీశాను. ఈసారి కుక్క అంచుల దాకా తేటగా వచ్చింది. మడత పడిన చెవి, మూతి మీది వెంట్రుకలు కూడా కనిపించాయి. మావగారు దాన్ని చాలాసేపు చూశారు. "ఊఁ" అని పక్కన పెట్టి, ఇంకో బొమ్మ తీసుకున్నారు. బాగుందన్న మాట ఆయన నోట రాలేదు. ఆ రోజే కాదు, తరువాత కూడా రాలేదు. ఆ "ఊఁ" కోసం నేను నెలల తరబడి పనిచేశాను.

ఇంతలో ఆయనకే సరదా పుట్టింది. ఒకరోజు, "ఆ పెట్టె ఇలా తే" అన్నారు. కుక్కను పిలిస్తే రాలేదు. రోజూ మెట్టు దగ్గర అదిలించే మనిషి పిలిస్తే ఎలా వస్తుంది? పలుపు తెప్పించి, పెరట్లో గుంజకు కట్టి, ఎండ తన వీపు మీద పడేటట్టు నిలబడి, కొలిచి తీశారు. బొమ్మ వచ్చిన రోజున దాన్ని నా ముందుకు జరిపి, "ఎలాగున్నాదో సెప్పు" అన్నారు.

"బాగున్నాదండి."

ఆయన ముఖం మాడిపోయింది. "నాను నీకు ఎప్పుడైనా ఊరికే బాగున్నాదని సెప్పినానా?"

"లేదండి."

"మరి నాకెందుకు సెప్తన్నావు? సరిగా సూసి సెప్పు."

సరిగా చూశాను. మావగారి పనికి కోడలు వంక పెట్టడం నేనెక్కడా వినలేదు. కానీ అడిగింది ఆయనే. నేను ఊరికే పొగిడితే ఆయన ఇన్నాళ్ళూ నా పక్కన కూర్చుని చెప్పినదంతా వృథా అయినట్టే అనిపించింది.

"తోక, సెవులు, కాళ్ళు అన్నీ ఉన్నాయండి. నీడ పడలేదు. వంకర లేదు. కానీ ఇది మన కుక్కలాగ లేదండి. సంతలో అమ్మకానికి కట్టీసిన జంతువులాగున్నాది. దాని కళ్ళు సూడండి. బెదిరిపోయి పలుపుకేసి సూస్తన్నాది."

మావగారు బొమ్మ తీసుకుని భూతద్దంతో మళ్ళీ చూశారు. లేచి, పైపంచె భుజాన వేసుకుని చేల వైపు వెళ్ళిపోయారు. అన్నం వేళకు వచ్చారు గానీ తల ఎత్తలేదు. ఎంత పని చేశానా అని నాకు ఆ పూట ముద్ద దిగలేదు.

మర్నాడు పొద్దున్నే కాఫీ తీసుకుని వరండాలోకి వెళితే పడక్కుర్చీ ఖాళీగా ఉంది. మావగారు మెట్ల మీద కూర్చుని ఉన్నారు. కుక్క నాలుగు అడుగుల దూరంలో నిలబడి అనుమానంగా చూస్తోంది. ఆయన పిలవడం లేదు, చెయ్యి చాచడం లేదు. ఊరికే కూర్చున్నారు. అలా చాలా రోజులు కూర్చున్నారు. ఒకనాడు అది తనంతట తనే వచ్చి ఆయన చేతిని వాసన చూసి వెళ్ళింది. చలి ముదిరి, చిరుతపులి ఊళ్ళో కుక్కలను ఎత్తుకుపోతోందని కబురు వచ్చినప్పుడు, "దాన్ని బైట ఒదిలీకండి. లోపల కట్టండి" అన్నది ఆయనే. లోపలికి తెచ్చాక కట్టనివ్వలేదు.

ఆయన కెమెరా మళ్ళీ ముట్టుకోలేదు. నా మాట వల్ల నొచ్చుకున్నారేమోనని నేను చాలాకాలం అనుకున్నాను. కారణం వేరని తరువాత తెలిసింది. ఒక వేసవి పూట నా కొత్త బొమ్మ ఒకటి పట్టుకుని, ముక్కు దాకా తెచ్చుకుని, "ఈ మూల ఎలుగు ఎక్కువైనాది" అంటున్నారు. బొమ్మ తలకిందులుగా ఉంది. నేను మాట్లాడలేదు. ఆయనకు నా మౌనం అర్థమైంది.

"తిరగేసి పట్టుకున్నానా?"

"అవునండి."

బొమ్మను మెల్లిగా బల్ల మీద పెట్టేశారు. "రెండు కళ్ళకీ పొర వచ్చినాదమ్మా. ఇక్కడికొచ్చేసరికే ఉన్నాది. ఇప్పుడు ఎక్కువైపోనాది."

మా ఆయన విశాఖపట్నం తీసుకెళ్ళి చూపించారు. శుక్లాలు ముదరాలి, ముదిరాక తీస్తామని డాక్టరు చెప్పి పంపేశాడు. అంటే ఆయనకు బొత్తిగా కనపడకుండా పోయే దాకా ఆగాలన్నమాట. తిరిగి వచ్చాక ఆయన భూతద్దాన్ని సంచిలో పెట్టేశారు. నేను కూడా కెమెరా అలమారలో పెట్టేశాను. ఆయన చూడలేని బొమ్మలు తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. కొన్నాళ్ళు గమనించి ఆయనే కోప్పడ్డారు.

"నా కళ్ళు పోతే నీ కళ్ళకేటైనాది? తియ్యి. వచ్చినాక నువ్వు సూసి నాకు సెప్పు. తప్పులు ముందర సెప్పు. ఒక్కటీ దాయకు."

మళ్ళీ తీశాను. కవరు రాగానే ఆయన పక్కన కూర్చుని, ఒక్కో బొమ్మనూ చేతిలోకి తీసుకుని చెప్పేదాన్ని. గోడ పక్కకు ఒరిగింది. వెనకాల కాలు కొంచెం కదిలింది. ఎండ మూతి మీద మరీ ఎక్కువ పడింది. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. "ఎంత ఒరిగింది? కాలు మొత్తం కదిలిందా, పాదమేనా?" అని అడిగేవారు. ఆయన అడిగే కొద్దీ నేను ఇంకా నిశితంగా చూసేదాన్ని. ఆయనకు అబద్ధం చెప్పకూడదన్న పట్టుదలలో నా బొమ్మల మీద నాకు కనికరం లేకుండా పోయింది.

కుక్క అప్పటికి ఆయనదైపోయింది. సంతలో కొన్న చిన్న గంట ఒకటి దాని మెడలో కట్టాను. గంట చప్పుడు వింటూ, చేతికర్రతో చేను గట్టు దాకా దాని వెనక నడిచి వచ్చేవారు. ఆయన కూర్చుంటే అది కాళ్ళ దగ్గర పడుకునేది. అలా ఉండగా ఒకసారి బొమ్మ తీశాను. వచ్చాక చూస్తే కెమెరా దించి పట్టుకున్నాను కాబోలు, పైభాగం పోయింది.

"ఇది పనికిరాదండి. మనిషి తల తెగిపోనాది. పక్కన పెట్టీసినాను" అని చెప్పాను.

"మనిషెవరు?"

"మీరేనండి."

ఆయన పెద్దగా నవ్వారు. "మంచిదే. తల లేపోతే కళ్ళ గొడవే లేదు" అన్నారు.

మరుసటి చలికాలానికి శుక్లాలు ముదిరాయి. మా ఆయన సెలవు పెట్టి విశాఖపట్నం తీసుకెళ్ళారు. వాళ్ళు లేనన్నాళ్ళూ కుక్క పడక్కుర్చీ కిందే పడుకుంది. తిరిగి వచ్చిన రోజున మావగారు బండి దిగారు. సీసా అడుగుల్లాంటి మందపాటి కళ్ళజోడు, దాని వెనక కళ్ళు ఇంతింత పెద్దవిగా కనిపించాయి. కుక్క ఆ కళ్ళజోడు చూసి మొరిగి, వెనక్కి వెళ్ళి, ఆయన గొంతు విన్నాకే తోక ఊపింది. ఆయన దాన్ని నిమిరి, తల ఎత్తి నాకేసి చూశారు. నేను గుమ్మంలోనే నిలబడ్డాను, చాటుకు వెళ్ళలేదు. కొత్తలో నేను తలుపు చాటున ఉండేదాన్ని, బయటికి వచ్చేసరికి ఆయన కళ్ళు మసకబారిపోయాయి. నా ముఖం తేటగా చూడడం ఆయనకు అదే మొదలు.

"గొంతు విని పెద్దదానివనుకున్నానమ్మా. సిన్న గుంటవే" అన్నారు.

మర్నాడు నేను తీసిన బొమ్మలన్నీ తెమ్మన్నారు. పక్కన పెట్టేసినవి కూడా. పొద్దుటి నుంచి ఎండ వరండా దాటే దాకా చూశారు. నేను చాప మీద కూర్చుని చోళ్ళు చెరుగుతున్నాను. చేట తిప్పుతున్నానే గానీ మనసు ఆయన మీదే ఉంది.

"నువ్వు సెప్పిన తప్పులన్నీ ఉన్నాయి. ఒక్కటీ అబద్ధం కాదు" అన్నారు చివరికి. "కానీ ఇన్నాళ్ళూ నాను ఇన్న బొమ్మలు ఇవి కావమ్మా."

నాకు అర్థం కాలేదు. చేట పక్కన పెట్టాను.

"నువ్వు సెప్తుంటే నాను కళ్ళు మూసుకుని ఒక్కో బొమ్మా కట్టుకున్నాను. అన్నీ పాడుబొమ్మలే. ఒరిగిపోయిన గోడలు, కదిలిపోయిన కాళ్ళు. పాపం, పిల్ల కట్టపడతంది గానీ బొమ్మలు కుదర్లేదు అనుకున్నాను. ఇప్పుడు సూస్తే ఇవి అలాగ లేవు." ఆ తల తెగిన బొమ్మను తీసి నా ముందు పెట్టారు. "దీన్ని పనికిరాదన్నావు. తల తెగినాది, నిజిమే. మరి ఇది దాని కాలు నా పాదం మీద ఏసుకుని పడుకున్నాదని ఎందుకు సెప్పలేదు?"

చూశాను. కుక్క నిద్రపోతూ ముందు కాలు ఒకటి చాచి ఆయన పాదం మీద వేసింది. మడత పడిన చెవి ఆయన పంచె అంచుకు తగులుతోంది. బొమ్మ వచ్చిన రోజునే ఇది కనపడి ఉండాలి. కానీ నేను తెగిన తల దగ్గరే ఆగిపోయాను.

"అది తప్పు కాదు కదండి. మీరు తప్పులు సెప్పమన్నారు" అన్నాను.

మావగారు కళ్ళజోడు తీసి, పంచెతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"అవును. నాను నేర్పింది అదే. బడిలో కూడా అదే నేర్పినాను. ఎందరు గుంటలు బొమ్మలు ఏసి తెచ్చినారో. అందరికీ ఎర్రసిరాతో తప్పులే దిద్దినాను. ఒక్కడికి, ఇక్కడ నీ సెయ్యి బాగా ఆడినాదిరా అని సెప్పలేదు. అది సెప్పడం మాస్టరు పని కాదనుకున్నాను. ఆళ్ళు ఇంటికెల్లి ఆ బొమ్మలు సింపీసుంటారు."

"నేను సింపలేదండి" అన్నాను.

"నువ్వు సింపలేదు" అని ఒప్పుకున్నారు. తరువాత మాస్టరు గొంతు మళ్ళీ వచ్చింది. "అలాగని తల తెగడం తప్పు కాదనుకోకు. కెమెరా ఇంకో రెండంగుళాలు ఎత్తాల."

"ఎత్తుతానండి."

"అయితే మళ్ళీ సెప్పు. ఈ బొమ్మ నాకు కనపడదనుకుని, మొత్తం సెప్పు."

నేను బొమ్మ చేతిలోకి తీసుకుని చెప్పాను. పడక్కుర్చీ కాళ్ళ దగ్గర నుంచి మొదలుపెట్టి, కుక్క వీపు, దాని మెడలో గంట, ఆయన పాదం మీది దాని కాలు, పంచె అంచు, ఆ అంచుకు తగిలే చెవి, అన్నీ చెప్పి, ఆఖరున తల తెగిందని చెప్పాను. ఆయన కళ్ళజోడు పెట్టుకునే, తల ఊపుతూ విన్నారు.

ఆ సాయంత్రం మా ఆయన క్యాంపు నుంచి వచ్చారు. బూట్లయినా విప్పకముందే మావగారు ఆ బొమ్మ ఆయన చేతిలో పెట్టి, "నీ పెళ్ళాం తీసినాది. సరిగా సూసి ఎలాగున్నాదో సెప్పు" అన్నారు.

మా ఆయన దాన్ని వెలుతురుకు పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, ఇబ్బందిగా మా ఇద్దరినీ చూశారు.

"బాగానే ఉన్నాది గానీ నాన్నా, తల లేదు" అన్నారు.

మావగారూ నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకుని నవ్వాం. ఎందుకు నవ్వుతున్నామో తెలియక ఆయన కూడా నవ్వారు.